మా ముత్తాత వడ్లాయన (వడ్రంగి), పాత రికార్డుల్ల పేరు దొరుకుతదా?

దేవరకొండ పిల్లగాడు: అన్నా, మాది దేవరకొండ దిక్కు. మా తాత వాళ్ల నాయిన నాగండ్లు, గుంటుకలు చేసెటోడట, ఇంట్ల ఆయనది ఒక్క బాడిశ తప్ప ఏం మిగల్లే, పిడి చెయ్యి పట్టే కాడ అరిగి నున్నగైంది, ఫొటో గూడ లేదు. పేరు ఒక్కొక్కలు ఒక్కో తీరు చెప్తున్నరు. ఏడ వెతకాలె? భూమి లేదంటరు మరి.

పాలమూరోడు: భూమి లేదని ముందే అనుకోకు తమ్మీ. ఊరి వడ్ల, కమ్మరోళ్లకు పని చేసినందుకు చాన ఊర్లల్ల బలుతా ఇనాం భూమి ఉండె. 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూములు ఎవలెవలియో రాసిన లెక్క) నకలుకు తహసీల్ ఆఫీస్ల దరఖాస్తు పెట్టు, పట్టాదారు పేరు పక్కన తండ్రి పేరు ఉంటది, నీకు కావాల్సింది గదే గదా. ఇంకా పాతది సేత్వార్, అంటే మొదటి సర్వే నాటి భూమి రికార్డు, దానికి ఉర్దూ చదివెటోళ్లను దొరకవట్టుకోవాలె. సాలు ఫస్లీల (నిజాం సర్కారు సాలు లెక్క) ఉంటే 590 కలుపు, 1364 అంటే 1954 అన్నట్టు.

నల్గొండ అక్క: ఇంటిపేరు మీద భరోసా పెట్టకు. మా కాగితాల్ల ఇంటిపేరు జాగల ఉత్త "వడ్ల" అని రాసిన్రు, నేను ఆర్నెల్లు వేరేటోళ్ల తాతను మా తాత అనుకొని తిరిగిన 😀 మీ తాత బడికి పోయిండా? అడ్మిషన్ రిజిస్టర్ల తండ్రి పేరుంటది.

దేవరకొండ పిల్లగాడు: మూడో తరగతి దాక పోయిండట అక్కా. సోమవారం బడి కాడికి పోత.

పాలమూరోడు: సర్వే నంబర్ చేతికొచ్చినంకనే హైదరాబాద్ తార్నాకల ఉన్న పాత సర్కారు రికార్డుల ఆఫీస్, స్టేట్ ఆర్కైవ్స్‌కు పో, ఉత్తగ పోతే బస్సు కిరాయి దండగ. రుంజోళ్లు (విశ్వకర్మల కులకథలు చెప్పెటోళ్లు) మీ దిక్కు వస్తే వాళ్లను గూడ అడుగు.