స్మారక దినం సాయంత్రమే పండగ శుభాకాంక్షలు చెప్పొచ్చా?

టెల్ అవీవ్‌లో ఓ పెద్దావిడకు కేర్‌గివర్‌గా ఈమధ్యే చేరాను. 1948 మే 14న ఇక్కడి తొలి ప్రధాని బెన్ గురియన్ ఇజ్రాయెల్ స్వాతంత్ర్యం ప్రకటించారు కదా, మరి స్వాతంత్ర్య దినం పండగ తేదీ ఏటా మారుతుందేంటని అడిగాను. మన ఉగాదిలాగే వాళ్లకూ సొంత పంచాంగమట, ఇయ్యార్ నెల 5. శనివారానికి అడ్డొస్తే ముందుకో వెనక్కో జరుపుతారట. సరే.

నా టెన్షన్ వేరు. ముందురోజు అమరవీరుల స్మారక దినం. ఉదయం 11కి రెండు నిమిషాల సైరన్, ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోతారు. చీకటి పడగానే జెరూసలేంలోని మౌంట్ హెర్జెల్ కొండ మీద 12 కాగడాలు, పండగ! ఈవిడ తమ్ముడు యుద్ధంలోనే పోయాడు. ఆ సాయంత్రమే 'హాగ్ సమేయాఖ్' (పండగ శుభాకాంక్షలు) అనొచ్చా, తెల్లారేదాకా ఆగాలా? మర్నాడు వాళ్లబ్బాయి పార్కులో మాంసం కాలుస్తాడట, నన్నూ రమ్మన్నాడు. వాళ్లు కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటిస్తారు, నేను వండింది తింటారా? పళ్లు పట్టుకెళ్తే చాలా? ఇక్కడ ఏళ్లుగా ఉంటున్న అక్కలు, అన్నలు కాస్త చెప్పండి.