ఫ్యూయల్ తయారీ ప్లాంటుకి భూకంపం చెక్ ఎలా చేస్తారు? రియాక్టర్ లెక్కే వాడాలా?

బీమ్_కాలమ్:
అందరికీ నమస్తే. నేను స్ట్రక్చరల్ సైడు, ఇన్నాళ్లూ మామూలు ఇండస్ట్రియల్ షెడ్లు చేసినవాణ్ణి, ఇప్పుడు అణు ఇంధనం తయారుచేసే పాత ప్లాంటు ఒకటి భూకంపానికి ఎంతవరకు తట్టుకుంటుందో చూడమన్నారు. రియాక్టర్ల మీద బోలెడు మెటీరియల్ దొరుకుతోంది గానీ ఫ్యూయల్ ప్లాంటు దగ్గరికొచ్చేసరికి అందరూ గ్రేడెడ్ అప్రోచ్ (ప్రమాదం ఎంతో అంత కట్టుదిట్టం) అని ఒక్క మాటనేసి తప్పుకుంటున్నారు. ఇందులో కరిగిపోయే కోర్ లేదు, ఆపినా వేడి పుడుతూనే ఉండే గొడవ లేదు, మరి మామూలు బిల్డింగ్ కోడ్‌లో ఇంపార్టెన్స్ ఫ్యాక్టర్ (ముఖ్యమైన బిల్డింగులకి లోడు పెంచే గుణకం) కాస్త పెంచి చేసేస్తే సరిపోదా? లేక 10,000 ఏళ్లకోసారి వచ్చే షేకింగే పెట్టాలా? అసలు ఎక్కడ మొదలెట్టాలి?

ఎల్లోకేక్:
బిల్డింగ్ దగ్గర మొదలెట్టకండి, లోపల ఏముందో, ఊగితే అందులో ఏది బయటికొస్తుందో అక్కణ్ణుంచి రండి. మీ ప్లాంటులో యురేనియం హెక్సాఫ్లోరైడ్ ఉంటే ముందు దాన్నే చూడాలి, మామూలుగా గట్టిగా ఉంటుంది గానీ 56.5 డిగ్రీలకి నేరుగా ఆవిరైపోతుంది, వాడేటప్పుడు సిలిండర్‌ని వేడి చేసే దాన్ని బయటికి తీస్తారు. 30బి రకం సిలిండర్లో రెండుంపావు టన్నులు, పెద్ద 48వై అయితే 12.5 టన్నులు. వేడిగా ఉన్నప్పుడు దాని కనెక్షన్ పైపు తెగిందనుకోండి, గాల్లో తేమ తగలగానే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే యాసిడ్ పొగ తయారవుతుంది. 1986 జనవరిలో అమెరికా ఓక్లహోమాలో సీక్వోయా ఫ్యూయల్స్ ప్లాంటులో జరిగింది భూకంపం కాదు, ఎక్కువ నింపిన సిలిండర్‌ని వేడి చేస్తే పగిలింది, కానీ అక్కడ చనిపోయినతను రేడియేషన్‌తో పోలేదు, ఆ యాసిడ్ పొగతో పోయాడు. అందుకే రియాక్టర్ కళ్లతో చూస్తే ఇక్కడ సగం ప్రమాదం కనపడదు.

రెండోది క్రిటికాలిటీ, అంటే యురేనియంలో చైన్ రియాక్షన్ దానంతటదే నడవడం. 1999 సెప్టెంబర్ 30న జపాన్ తోకాయ్‌మురాలో సన్నటి పాత్ర వదిలేసి వెడల్పు ట్యాంకులో పోశారు, సుమారు 16 కిలోల యురేనియం, చైన్ రియాక్షన్ మొదలై దాదాపు 20 గంటలు ఆగలేదు, ఇద్దరు పోయారు. అదీ భూకంపం కాదనుకోండి, కానీ ఇలాంటి ప్లాంటులో సేఫ్టీ అంటే చాలావరకు పాత్ర ఆకారం, రాక్‌కీ రాక్‌కీ మధ్య దూరం, నీళ్లు దగ్గరికి రాకపోవడం, ఈ మూడే. భూకంపం ఒక్క ఊపులో మూడింటినీ చెడగొట్టగలదు. మీది ఏ ఎన్‌రిచ్‌మెంటో (యురేనియం-235 ఎంత శాతమో) చెప్పండి, న్యాచురల్ యురేనియం అయితే మామూలు నీళ్లతో ఈ భయం లేదు. 5 శాతం లోపు ఉండి తడి తగలకుండా ఉంటే కూడా క్రిటికల్ అవదు, నీళ్లు చేరితేనే కథ మారుతుంది.

రెడ్_రెంచ్:
ఎందుకండీ ఇంత గోల, రియాక్టర్ లెవెలే పెట్టేసి పాస్ చేయిస్తే రేపు ఎవడూ ప్రశ్నించడు కదా.

షేక్‌టేబుల్:
@రెడ్_రెంచ్ పాత ప్లాంటుకి అలా పెడితే డబ్బంతా కాలమ్‌లకి జాకెట్లు వేయడానికే పోతుంది, పైపు మాత్రం అలాగే వేలాడుతుంటుంది. ఏఎస్‌సీఈ 43లో (అణు ప్లాంట్ల భూకంప డిజైన్‌కి అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం ప్రమాణం) ప్రమాదాన్ని బట్టి కేటగిరీలు ఉన్నాయి చూడండి, 5వ కేటగిరీకి 10,000 ఏళ్ల హజార్డ్ (అన్నేళ్లకోసారి వచ్చే షేకింగ్), 3, 4కి 2,500 ఏళ్లది. ఒకే ప్లాంటులో హెక్సాఫ్లోరైడ్ వేడిచేసే గది ఒక కేటగిరీ, ఖాళీ ట్యూబుల స్టోరు ఇంకొకటి కావచ్చు, తప్పేం లేదు. సైటు ఎంత ప్రశాంతమైనదైనా 0.1 జీ (గురుత్వ త్వరణంలో పదో వంతు) కంటే కిందికి దిగొద్దని ఐఏఈఏ, అంటే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అంటుంది. ఇంకోవైపు జపాన్‌లో రొక్కాషో రీప్రాసెసింగ్ ప్లాంటుకి 700 గాల్, అంటే ఇంచుమించు 0.7 జీ, కాబట్టి పక్కోడి నంబర్ తెచ్చి పెట్టుకోకుండా మీ సైటుకే హజార్డ్ స్టడీ చేయించండి.

ఉన్న ప్లాంటుకి డిజైన్ లెక్కలు మళ్లీ మొదట్నించి చేయక్కర్లేదు, మార్జిన్ పద్ధతి ఉంది, ఒక్కో పరికరానికి హెచ్‌సీఎల్‌పీఎఫ్ తీస్తారు, అంటే ఏ షేకింగ్ దగ్గర ఫెయిలయ్యే ఛాన్స్ 5 శాతం మించదని 95 శాతం నమ్మకంగా చెప్పగలమో అది. పై అంతస్తులో ఉన్నవాటికి నేల మీది స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీకి ఎంత ఊపో చూపే గ్రాఫ్) వాడకండి, ఆ అంతస్తు ఎంత ఊగుతుందో, అంటే ఫ్లోర్ రెస్పాన్స్, తీయండి, పైకెళ్లేకొద్దీ ఊపు పెరుగుతుంది.

పాత_బోల్టు:
మోడల్ తర్వాత, ముందు వాక్‌డౌన్ చేయండి, అంటే ప్లాంటంతా తిరిగి కళ్లతో చూడండి, ప్రాసెస్ మనిషిని, క్రిటికాలిటీ మనిషిని వెంటబెట్టుకుని. డ్రాయింగులో నాలుగు యాంకర్ బోల్టులుంటాయి, వెళ్లి చూస్తే రెండుంటాయి, ఉన్నవాటిలో ఒకదానికి నట్టు ఉండదు. శాడిల్ మీద ఊరికే కూర్చోబెట్టిన సిలిండర్లు, ఒక బిల్డింగ్ నుంచి ఇంకోదాంట్లోకి జాయింట్ దాటే పైపులు, ఆ రెండు బిల్డింగులూ చెరో వైపు ఊగితే ఆ పైపు గతేంటో ఆలోచించండి. పెల్లెట్లు కాల్చే ఫర్నేసు 1700 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌లో నడుస్తుంది, షేకింగ్ రాగానే హైడ్రోజన్ కట్ చేసే సీస్మిక్ స్విచ్ ఉందా, ఉంటే ఆ వాల్వు ఊపు తర్వాత కూడా మూసుకుంటుందా? జిర్కోనియం తురుము ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి, అంటుకుందంటే నీళ్లతో ఆర్పేది కాదది.

బీమ్_కాలమ్:
అందరికీ థ్యాంక్స్. మాది 5 శాతం లోపే, పౌడర్ గదిలోకి నీళ్లు రానివ్వరు. కానీ ఆ గదికీ పక్క కారిడార్‌కీ మధ్య స్టీలు లేని బ్లాక్ గోడ ఉంది, కారిడార్ వైపు ఫైర్ వాటర్ లైను ఆ గోడకే క్లాంపులతో కొట్టి ఉంది. సేఫ్టీ లిస్టులో గోడా లేదు లైనూ లేదు.

పాత_బోల్టు:
రెండూ లిస్టులోకి రావాలి, అవి పనిచేయక్కర్లేదు గానీ పౌడర్ గది కేటగిరీకి పెట్టిన షేకింగ్‌లో పడకూడదు. గోడని ప్లేన్‌కి అడ్డంగా వచ్చే ఫోర్సుకి చెక్ చేయండి, స్టీలు లేని బ్లాక్ గోడ గట్టిగా ఊగితే నిలవడం కష్టమే. నిలవదని తేలితే రెండువైపులా స్టీలు ఫ్రేము కట్టొచ్చు, కానీ నేనైతే ముందు ఆ లైనుని గోడ నుంచి ఊడదీసి స్లాబుకి సొంత సపోర్టులు పెట్టిస్తా, లెక్క తేలేదాకా ఆగకుండా చేయగలిగిన పని అది.

ఎల్లోకేక్:
ఊడదీసే ముందు ఫైర్ వాళ్లతో మాట్లాడండి, లైను ఆపినన్నాళ్లు వేరే ఏర్పాటు ఉండాలి. ఇంకో సంగతి, కారిడార్‌లో నీళ్లు నిలిస్తే తలుపు కింద నుంచి పౌడర్ గదిలోకి వెళ్తాయా, గడప ఎత్తెంతో కొలిచి ఇక్కడ పెట్టండి.