జెరేనియంలో గామా మ్యుటేషన్: డోసు ఎంత?

ప్రశ్న (యలహంక నర్సరీ): మా రోజ్ జెరేనియంలో (సుగంధ నూనె తీసే మొక్క) విత్తనం రాదు, క్రాసింగ్ కుదరదు. వానాకాలం ఎండు తెగులుకు తట్టుకునే మొక్క కావాలి. గామా కిరణాలతో మార్పు తెద్దామనుకుంటున్నాం. కొమ్మలకు ఎన్ని గ్రే (కిరణాల మోతాదు కొలత) ఇవ్వాలి?

జవాబు 1: విత్తనం లేని పంటకు ఇదే సరైన దారి అండీ. పెప్పర్‌మింట్‌లో టాడ్స్ మిచామ్ రకం, వెర్టిసిలియం అనే శిలీంధ్రపు ఎండు తెగులు తట్టుకునేది, వికిరణంతోనే వచ్చింది. డోసు ముందే అనుకోవద్దు. 2-3 కణుపుల ముక్కలు, డోసుకు 30 చొప్పున, 10 నుంచి 50 గ్రే వరకు కోబాల్ట్-60 (గామా కిరణాలిచ్చే పదార్థం) దగ్గర పెట్టించండి, 30 ముక్కలు వికిరణం లేకుండా ఉంచండి. తడి కాగితంలో తెచ్చి మర్నాటికల్లా నాటాలి. 45 రోజులకు ఎదుగుదల సగానికి పడిపోయిన డోసే మీ ఆధారం. అసలు ప్రయోగం దానికి కొంచెం కిందే చేయండి.

జవాబు 2: అన్నా, ఎక్కువమంది చెడగొట్టుకునేది దీని తర్వాతే. మొగ్గలో కొన్ని కణాలే మారతాయి, కాబట్టి మొదటి కొమ్మ మారిన, మారని కణాల మిశ్రమం. దాన్ని చూసి ఎంపిక చేస్తే రెండో తరంలో పాత మొక్కే తిరిగి రావచ్చు. కొస తుంచి, పక్క మొగ్గల కొమ్మలు వేరుచేసి నాటి, ఇలా 3-4 తరాలు నడపాలి. తర్వాతే తెగులున్న మడిలో పరీక్ష.

ప్రశ్న (యలహంక నర్సరీ): నూనె ఎప్పుడు చూడాలి?

జవాబు 1: నాలుగో తరంలో. క్లెవెంజర్‌లో (ఆకును నీటితో మరిగించి నూనె తీసే గాజు పరికరం) కనీసం అరకిలో పచ్చి ఆకు, 3 గంటలు. నూనె 0.1-0.2 శాతమే కనుక తక్కువ ఆకుతో కొలత నమ్మలేం. తల్లిమొక్కనూ అదే రోజు, అదే వయసులో కోయండి. వాన, ఆకు వయసు నూనెను మార్చేస్తాయి. జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రఫీ, నూనెలోని భాగాలు కొలిచే పరీక్ష) వాసననిచ్చే సిట్రొనెల్లోల్, జెరానియోల్ నిష్పత్తి చూడండి. తెగులు తట్టుకున్నా వాసన మారితే కొనేవాళ్లు తీసుకోరు.