30 బోర్డు మన రోడ్లకు పనికొస్తుందా? బయటి దేశాలు అంత తక్కువ స్పీడు ఎందుకు పెడుతున్నాయి?

నంద్యాల చెక్‌పోస్ట్:
కర్నూల్లో మా కాలనీ స్కూలు ముందు కొత్తగా 30 బోర్డు (గంటకు 30 కిలోమీటర్లు దాటొద్దని) పాతారు. ఎక్కువ రోజులు కాకముందే దానికి అడ్డంగా ఒక కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ కట్టేశారు. ఇప్పుడు సున్నా ఒక్కటే కనిపిస్తుంది. బోర్డు చూసి నవ్వుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, బ్రేకు మీద కాలు పెట్టినవాళ్లు నాకైతే కనబడలేదు.

నా సందేహం ఇది. రోడ్లు బాగుండి, కార్లు బాగుండి, లైసెన్సు ఇవ్వడానికి చెమటలు పట్టించే దేశాలే స్పీడు తగ్గించుకుంటున్నాయి. ఆస్ట్రియాలో గ్రాజ్ అనే ఊరు 1992లోనే పెద్ద రోడ్లు మినహా ఊరంతా 30 చేసింది. ఒక్కో వైపు ఒకే లేన్ ఉన్న ఊరి వీధులకు స్పెయిన్ 2021 మేలో 30 పెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్ 2023 డిసెంబర్లో చాలా వీధులకు అదే చేసింది. మన దగ్గర 2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం మునిసిపల్ పరిధిలో కారుకు గరిష్ఠం 70, బైకుకు 60. రాష్ట్రాలు తగ్గించుకోవచ్చు, అది వేరే సంగతి. మా కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో 70 అంటే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి! వాళ్లది చాదస్తమా, మనకు తెగింపు ఎక్కువా? హైవే సంగతి కూడా కలిపే మాట్లాడండి, మన ఊళ్లు చాలావరకు 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉన్నాయి కదా.

హైవే రాజు:
చాదస్తమే. బెంగళూరు నుంచి కర్నూలుకు కార్లో వస్తూ పోతూ ఉంటాను. 100లో వెళ్తున్నప్పుడు నన్ను భయపెట్టేది స్పీడు కాదు. గుత్తి దాటాక చీకట్లో వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ, డివైడర్ గ్యాప్‌లోంచి అటూ ఇటూ చూడకుండా దూరే బైకు, ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే ఆటో. వాళ్లందరినీ వదిలేసి చలానా నాకా? జర్మనీలో ఆటోబాన్ అనే హైవేల మీద అందరికీ వర్తించే పరిమితే లేదు, 130 అనేది సలహా మాత్రమే. అక్కడ జనం పిట్టల్లా రాలిపోతున్నారా?

బ్రిటన్లోని వేల్స్ గురించి కూడా చెప్పుకోవాలి. 2023 సెప్టెంబర్లో ఊరి రోడ్లకు 20 మైళ్లు, అంటే మన లెక్కలో 32 కిలోమీటర్లు పెట్టారు. ముప్పై లక్షల పైచిలుకు జనాభా ఉన్న చోట నాలుగున్నర లక్షలకు పైగా సంతకాలు వద్దంటూ పడ్డాయి. మరుసటి ఏడాది ప్రభుత్వమే దిగొచ్చి, కొన్ని రోడ్లను పాత వేగానికి మార్చుకోవచ్చంది.

ఇంకోటి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం అతివేగం వల్లనేనని కేంద్రం లెక్క. అది ఎలా తయారవుతుందో అందరికీ తెలుసు. ఎఫ్ఐఆర్లో 'అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి' అన్నది అలవాటుగా పడిపోయే వాక్యం. గుద్దిన బండి ఎంత స్పీడులో ఉందో కొలిచిందెవరు?

రాప్తాడు పంతులు:
ఎఫ్ఐఆర్ మాట నిజమే. ఆ 71ని నేనూ గుడ్డిగా నమ్మను. కానీ తక్కువ వేగం ఎందుకో తెలుసుకోవడానికి ఆ అంకె అక్కర్లేదు, హైస్కూల్ ఫిజిక్స్ చాలు.

పిల్లవాడు అడ్డం వచ్చాడు. వాడు కంటికి కనబడి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఒక సెకను పట్టిందనుకుందాం (చాలామందికి ఇంకా ఎక్కువే పడుతుంది). 30లో ఉన్న బండి ఆ సెకనులో ఎనిమిది మీటర్లు దాటుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే ఇంకో అయిదు మీటర్లలో ఆగుతుంది. మొత్తం కలిపితే పదమూడున్నర లోపే. 50లో ఉన్న బండి మొదటి సెకనులోనే దాదాపు పద్నాలుగు మీటర్లు పోయింది. అంటే మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోటికి రెండో బండి వచ్చేసరికి, దానికి బ్రేకు ఇంకా పడనే లేదు. అక్కడ పిల్లవాడు ఉంటే నిండు 50తో తగులుతుంది. మూడంతస్తుల మేడ మీంచి పడినంత దెబ్బ. 30 అయితే ఒక అంతస్తు. చూడటానికి తేడా 20యే, కానీ దెబ్బ వేగంతో పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. రోడ్డు మీద సగటు వేగం ఒక్క శాతం పెరిగినా ప్రాణం తీసే ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే.

ఇక ఆటోబాన్. దాని మీద నడిచేవాళ్లు ఉండరు, సైకిల్ ఉండదు, 60 దాటి పోలేని బండిని ఎక్కనివ్వరు, అడ్డంగా దాటే దారులు అసలే లేవు. అదే జర్మనీలో ఊళ్లోకి దిగితే 50, ఇళ్ల మధ్య చాలాచోట్ల 30. రాజు గారు ఆటోబాన్‌ను తెచ్చారు గానీ దాని కంచెను జర్మనీలోనే వదిలేసి వచ్చారు.

హైవే రాజు:
పంతులుగారూ, మీ లెక్క అంబాసిడర్ కాలం నాటిది. ఇప్పుడు గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉంది, ఎయిర్‌బ్యాగులు ఆరు ఉన్నాయి. నా కారుకు ఫైవ్ స్టార్ రేటింగ్.

బుధవారపేట అమ్మాయి:
ఏబీఎస్ ఉన్నా బ్రేకు తొక్కాల్సింది మీ కాలే కదన్నా, పంతులుగారు చెప్పిన ఆ ఒక్క సెకను ఎక్కడికీ పోదు. ఇక ఆ స్టార్లు ఎంత స్పీడులో వచ్చాయో చూశారా? కార్ల భద్రతను పరీక్షించి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్‌లో కారును ముందు నుంచి గుద్దించి చూసేది 64 కిలోమీటర్ల వేగంలో. పక్క నుంచి అయితే 50, స్తంభానికి పక్కవాటుగా అయితే 29. మీరేమో 100లో పోతూ వాటి మీద భరోసా పెట్టుకున్నారు. పైగా అవి లోపల కూర్చున్నవాళ్ల కోసం ఇచ్చిన స్టార్లు. 2022లో పోయినవాళ్లలో 32 వేల మందికి పైగా నడిచి వెళ్తున్నవాళ్లే. బస్టాండ్ ముందు రోడ్డు దాటే మా అత్తకు ఎన్ని స్టార్లు ఇచ్చారు?

నేను పాపను స్కూల్లో దింపడానికి స్కూటీ మీద వెళ్తాను. 30లో పోతే వెనక నుంచి ఒకటే హారన్. పక్కకు తప్పుకోమని తిట్లు కూడా. నిదానంగా పోయేవాళ్లమే ఏదో నేరం చేసినట్టు ఎడమ అంచుకు, ఇసుకలోకి జరిగి పోతాం. ఆ ఇసుకలోనే జారిపడేది కూడా.

పదహారు చక్రాలు:
ఇరవై ఏళ్లకు పైగా లారీ తోలినవాణ్ణి, ఇప్పుడు సొంత బండికి డ్రైవర్‌ను పెట్టుకున్నా. పుస్తకంలో లెక్క బాగుంది. మా బండ్లకు 80 దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉండాలని 2015 నుంచి రూల్ ఉంది. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజు అది పనిచేస్తుంది, మర్నాటికి వైరు పీకేసి ఉంటుంది. ఎందుకు పీకుతాడు? పత్తికొండలో టమాటా ఎక్కించాక తెల్లారేలోపు మార్కెట్లో దించకపోతే బాడుగలో కోత పడుతుంది. ఆ కోత వేసేవాడికి ఏ కెమెరా చలానా పంపదు.

రెండోది, నేనొక్కణ్ణే బోర్డు చూసి 40కి తగ్గిస్తే వెనక నుంచి వచ్చే ప్రైవేటు బస్సు ఊరుకోదు. లైట్లు కొడతాడు, హారన్ కొడతాడు, ఎడమవైపు నుంచి దూరి పోతాడు. అందరూ తగ్గేలా ఉంటేనే తగ్గిస్తాం. నలుగురిలో ఒకడు తగ్గించడం ఇంకా డేంజర్.

ఉల్లిగడ్డ:
రాంగ్ రూట్ అని రాజు అన్న తేలిగ్గా అనేశాడు. మాది ఉలిందకొండ పక్క. రోడ్డు కంటే ముందు ఊరుంది, ఊరితో పాటు చేను ఉంది. నాలుగు లేన్లు పడ్డాక ఊరు ఇటు, చేను అటు అయింది. యూ టర్న్ చూస్తే చానా దూరం. పొద్దున నీళ్లు కట్టను పోతాం, మధ్యాహ్నం అన్నానికి వస్తాం, మళ్లీ పోతాం. పోయిన ప్రతిసారీ పెట్రోలు కాల్చుకుని చుట్టు తిరిగి రమ్మంటే ఎవరొస్తారప్పా? డివైడర్ రాళ్లు ఎవరు జరిపారో ఊరందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

ఇంకోమాట. రాత్రిపూట రోడ్డు దాటేవానికి 60లో వచ్చే కారైనా 110లో వచ్చే కారైనా అవే రెండు లైట్లు. దూరం తెలుస్తుంది, వేగం తెలీదు. ఇంకా టైముంది అనుకుని అడుగు ముందుకు వేస్తాం.

రాప్తాడు పంతులు:
ఉల్లిగడ్డ గారు చెప్పింది చిన్న విషయం కాదు. స్వీడన్ పార్లమెంటు 1997లో 'విజన్ జీరో' అనే విధానాన్ని ఆమోదించింది. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకు ప్రాణం పోకూడదు అన్నది దాని మూలం. అక్కడి నుంచి వేగం లెక్కే మారిపోయింది. రోడ్డు ఎంత నున్నగా ఉందని చూడరు, ఇక్కడ ఎలాంటి గుద్దుడు జరిగే వీలుందని చూస్తారు. బండి మనిషికి తగిలే చోట 30. బండ్లు పక్కవాటుగా గుద్దుకునే కూడలిలో 50. ఎదురెదురుగా గుద్దుకోగల రోడ్డు మీద 70. ఈ మూడూ జరగనివ్వని రోడ్డయితే 100, ఆ పైన కూడా. వేగం కావాలా, ముందు అడ్డుగోడ కట్టుకో అన్నమాట. మధ్యలో ఉక్కు తాళ్ల కంచె బిగించిన మూడు లేన్ల రోడ్లు అలాగే పుట్టుకొచ్చాయి.

ఇప్పుడు 44ను ఈ కొలతతో చూడండి. నోటిఫికేషన్ ప్రకారం కారుకు 100. డివైడర్ ఉంది కదా అంటాం. 2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి మండలం మాదార్‌పురం దగ్గర ఒక టెంపో ఆ డివైడర్ దాటి అవతలి వైపు లారీని గుద్దుకుంది, 14 మంది పోయారు. మోకాలెత్తు కూడా లేని రాళ్ల వరస, మధ్యలో గన్నేరు చెట్లు. లైట్లు కంట్లో పడకుండా అవి ఆపుతాయి గానీ బండిని ఆపవు. గ్యాప్ ఉన్న ప్రతి చోటా పక్క గుద్దుడు ఖాయం కాబట్టి అక్కడ 50 పడాలి. ఉలిందకొండ వాళ్లు చేలకు దాటే చోట 30 పడాలి. లేదంటే ఆ దాటడమే అవసరం లేకుండా చెయ్యాలి. మనం రోడ్డును వందకు కట్టి, మనుషుల్ని దాని మీదే వదిలేశాం.

గువ్వలచెరువు కోవా:
కడప నుంచి నా రెండు మాటలు. మా ఘాట్‌లో బోర్డులకు కొదవ లేదు. దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లు ఇంకా ఉన్నారు. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పాక, మలుపులో బోర్డు మీద ఎంత రాసుంటే ఏం లాభం? కాబట్టి బోర్డు ఒక్కటే పెడితే పంతులుగారి లెక్క అంతా గాలికి పోతుంది. రోడ్డే బండిని తగ్గించాలి.

దానికి మనవాళ్లకు తెలిసిన మందు స్పీడ్ బ్రేకర్ ఒకటే, అదీ తప్పుడు కొలతతో. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. 25లో పోతే కుదుపు లేకుండా దాటిపోవచ్చు. మన వీధిలో ఉండేది మిగిలిన తారు కుప్పపోసిన గుట్ట, పెయింట్ కూడా ఉండదు. దాని మీద బైకు ఎగిరితే వెనక సీట్లో పక్కకు కూర్చున్న ఆడమనిషి నేల మీద పడుతుంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో సగానికి పైగా వీధులు 30వే, కానీ వాళ్లు బోర్డుతో ఆగలేదు. రోడ్లు సన్నం చేశారు, కెమెరాలు పెట్టారు. 2024 జూలై నుంచి ఏడాది పాటు ఆ ఊళ్లో రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ చనిపోలేదు. కర్నూలు కంటే పెద్ద ఊరది.

వేల్స్ సంతకాల సంగతి చెప్పిన రాజు అన్న, స్పీడు తగ్గించాక ఆ రోడ్ల మీద గాయపడేవాళ్లు కూడా తగ్గారన్న సంగతి వదిలేశాడు.

హైవే రాజు:
సరే, గ్యాప్ దగ్గర 50 అంటున్నారు. దారి పొడవునా ఊళ్లే. ప్రతి ఊరికీ 50 అంటే కర్నూలు నుంచి అనంతపురం ఎప్పటికి చేరేది?

నంద్యాల చెక్‌పోస్ట్:
కూర్చుని లెక్క వేశాను. కిలోమీటరు పొడవున్న ఊరిని 100లో 36 సెకన్లలో దాటుతారు, 50లో 72 సెకన్లు. అలాంటివి పది తగిలినా అదనంగా పట్టేది ఆరు నిమిషాలు. డోన్ దగ్గర టీకి ఆగితే అంతకంటే ఎక్కువే అవుతుంది.

జాతీయ రహదారుల సంస్థకు ఒక అర్జీ రాద్దామనుకుంటున్నా. ఊళ్లున్న గ్యాపుల దగ్గర 50 అని అడుగుతా. మున్సిపాలిటీకి వేరేగా, స్కూళ్ల ముందు 30, కొలత ప్రకారం బ్రేకర్లు. బోర్డుకు ఫ్లెక్సీ కట్టినవాడికి ఫైన్ కూడా. ఇంకేం రాయమంటారు?

హైవే రాజు:
ఆరు నిమిషాలు ఇస్తా, సంతకం కూడా పెడతా. కానీ 100లో వస్తుంటే ఉన్నట్టుండి 50 బోర్డు, దాని వెనకే చెట్టు చాటున స్పీడ్ గన్... అదైతే దోపిడీ. 80, 60 అని మెట్లు మెట్లుగా తగ్గించాలి, రోడ్డు కూడా సన్నబడుతూ రావాలి. అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు కట్టాక మళ్లీ 100 చేస్తామని రాతలో ఉండాలి. ఇక ఊళ్లో 30 స్కూలు ముందైతే సరే. ఊరంతా 30 అంటే మాత్రం నేను ఒప్పుకోను, మీరెన్ని దేశాల పేర్లు చెప్పినా సరే.

పదహారు చక్రాలు:
టైముకు చేరలేదని బాడుగ కోసే లోడు పార్టీల మీద కూడా ఒక ముక్క రాయండి. ఎవరూ పట్టించుకోరు, అయినా రాయండి.

ఉల్లిగడ్డ:
అండర్‌పాస్ అని ఊరికే రాసి వదిలేయొద్దండి. ఉల్లిగడ్డల లోడు ఎత్తిన ట్రాక్టర్ పట్టేంత ఎత్తు ఉండాలి, వాన పడితే నీళ్లు బయటికి పోయే కాలువ ఉండాలి. లేకపోతే మేం మళ్లీ రోడ్డు మీంచే దాటుతాం.