ఎమ్మెల్యే పని అమరావతిలోనా, ఊళ్లోనా? తెలిసినవాళ్లు చెప్పండి

వంక అవతలి ఊరు (అనంతపురం జిల్లా):

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో పెన్నాకు దగ్గర్లో ఉండే చిన్న పల్లె. నియోజకవర్గం పేరు, పార్టీ పేరు కావాలనే రాయడం లేదు, రాస్తే మాటలన్నీ అటే పోతాయి. మా ఊరికీ హైస్కూలున్న పక్క ఊరికీ మధ్య ఒక వంక ఉంది. ఏడాదిలో పది నెలలు అందులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో గట్టిగా రెండు వానలు పడితే మాత్రం కాజ్‌వే మీద మోకాలి పైకి పారుతుంది, పిల్లలు మూడు నాలుగు రోజులు బడి మానాల్సిందే.

పోయినేడు ఒకరోజు బడి వదిలే వేళకు వంక వచ్చేసింది. ఆడపిల్లలు ఆరుగురు అవతలి గట్టునే ఉండిపోయారు, చీకటి పడ్డాక ట్రాక్టరు దింపి తెచ్చుకున్నాం. పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని, ట్రాలీలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు, వాళ్లలో మా అన్న కూతురు కూడా ఉంది. ఆ రోజు నుంచి ఈ పని వదలకూడదని పట్టుకున్నాను.

కలెక్టరు సోమవారం తీసుకునే అర్జీల్లో రెండుసార్లు ఇచ్చాను. రెండోసారి ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది అని. వంకలో ఒక్క రాయి కదల్లేదు. ఎమ్మెల్యే గారింటికి నాలుగుసార్లు పోయాను. మూడుసార్లు అమరావతిలో ఉన్నారన్నారు, నాలుగోసారి అప్పుడే ఏదో పెళ్లికి బయల్దేరారన్నారు. అసలు అక్కడ ఆయన చేసే పనేంటి, ఇక్కడ చేసే పనేంటి? మా వంక మీద బ్రిడ్జి లాంటి పని ఎక్కడ కదులుతుంది? నేను తిట్టడానికి అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

పాత పీఏ:

తమ్ముడూ, నేను ఒక ఎమ్మెల్యే దగ్గర ఐదేళ్లు పీఏగా చేశాను. మీ ఎమ్మెల్యే కాదు. చూసింది చూసినట్టు రాస్తా, కొంచెం పెద్దదవుతుంది.

ముందు ఊళ్లో పని. పొద్దున ఆరుకల్లా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోయేవి. ఒకరి చేతిలో ఆసుపత్రి బిల్లుల కవరు, సీఎం సహాయ నిధికి పంపాలి, ఒరిజినల్ బిల్లులు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు అన్నీ సరిచూసి పైన ఎమ్మెల్యే లెటర్ పెట్టాలి. ఇంకొకరికి తిరుమల దర్శనానికి సిఫారసు లెటరు. ఇంకొకరికి అన్నదమ్ముల పొలం తగాదా, ఎస్సైకి ఒక మాట చెప్పమని. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన ఊరివాళ్లు పది మంది కలిసి ఆటోలో వచ్చేవాళ్లు. పది గంటలకు లేచి పెళ్లిళ్లు, కర్మలు, గుడి ప్రతిష్ఠలు. ముహూర్తాలున్న నెలలో రోజుకు పదిహేను పెళ్లిళ్లకు తిరిగిన రోజులున్నాయి, ఒక్కటి తప్పినా 'మా ఇంటికి రాలేదు' అని ఐదేళ్లు గుర్తుపెట్టుకుంటారు. ఇందులో చట్టం చేసే పని ఒక్కటీ లేదు. అయినా జనం దృష్టిలో ఎమ్మెల్యే అంటే ఇదే.

ఇక అమరావతి. వెలగపూడిలో సభ జరిగేది ఏడాది మొత్తం మీద కొన్ని వారాలే, బడ్జెట్ సమావేశాలే అందులో పెద్దవి. మిగతా రోజుల్లో అక్కడికి పోతే మంత్రుల పేషీలు, సచివాలయంలో శాఖల చుట్టూ తిరగడం. నీ బ్రిడ్జినే తీసుకో. ఇక్కడ ఏఈ అనే కింది ఇంజనీరు ఎస్టిమేట్ వేస్తాడు, అది డీఈ, ఈఈ, ఎస్ఈ అనే పై ఇంజనీర్లను దాటి పైకి పోతుంది, పరిపాలనా ఆమోదం జీవో అక్కడ రావాలి, డబ్బుకు ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, ఆ తర్వాతే టెండరు. ఆ జీవో రాకుండా కలెక్టరు అర్జీల్లో ఎన్నిసార్లు ఇచ్చినా కింది ఆఫీసు 'నిధులు వస్తే చేస్తాం' అని రాసి మూసేస్తుంది. నీ మెసేజ్ కథ బహుశా అదే.

దీన్ని కదిలించే పనిముట్టు ఒకటుంది. సభలో ప్రశ్న. ఫలానా వంక మీద వంతెన కట్టే ప్రతిపాదన ఉందా, ఉంటే ఏ దశలో ఉంది అని ఎమ్మెల్యే రాసిస్తే, స్పీకర్ అనుమతించాక అది శాఖకు పోతుంది, శాఖ నుంచి జిల్లాకు దిగుతుంది. ఆఫీసుల్లో దాన్ని ఎల్ఏక్యూ అంటారు. ఆ మూడక్షరాలు పైన రాసిన కాగితం వచ్చిందంటే ఆ రోజు ఆఫీసంతా టెన్షనే, మంత్రి సభలో నిలబడి చదవాల్సిన జవాబు కాబట్టి. ఒకసారి మా నియోజకవర్గంలో ఇలాగే ఒక కల్వర్టు మీద ప్రశ్న పడింది. రెండేళ్లుగా ఆ ఊరు మొహం చూడని ఇంజనీరు మర్నాడు పొద్దునే ఎనిమిదికి టేపు పట్టుకుని అక్కడున్నాడు, టేపు రెండో కొస పట్టుకుంది బడికి పోతున్న పిల్లవాడు. నేను పక్కనే ఉన్నా. ఆ కల్వర్టు పూర్తవడానికి ఇంకా ఏడాదిన్నర పట్టింది, కానీ కదిలింది ఆ రోజే.

కొండారెడ్డి బురుజు (కర్నూలు, రిటైర్డ్ టీచర్):

పీఏ గారు చెప్పింది నిజం. రెండు మాటలు కలుపుతాను.

1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా మా కర్నూలే ఆంధ్ర రాష్ట్ర రాజధాని. గుడారాల్లో కచేరీలు నడిచాయని మా నాన్న చెప్పేవారు. అర్జీ పట్టుకుని పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి ఇంటికొచ్చేవారట. తర్వాత హైదరాబాదు. 2017 మార్చి నుంచి వెలగపూడి. అనంతపురం వాళ్లకు హైదరాబాదు దాదాపు 360 కిలోమీటర్లు, ఇప్పుడు వెలగపూడి దాదాపు 450, తాడిపత్రి, గిద్దలూరు, వినుకొండ, నరసరావుపేట మీదుగా రోడ్డున పోవాలి, లేదంటే గుంటూరు వైపు రాత్రి రైలు. ఎమ్మెల్యే పోయి రావడానికే రెండు రోజులు పోతాయి. ఒక మామూలు రైతు అక్కడిదాకా పోయి పేషీ బయట కూర్చోవడం అయ్యే పని కాదు. మన తరఫున అక్కడ కూర్చోవాల్సిన మనిషి ఆయనే, అందుకే ఆయన అక్కడ ఉండటం మనకు నష్టం కాదు, అక్కడ ఉండి ఏం అడిగారన్నదే చూడాలి.

రాజ్యాంగంలో 190వ అధికరణం ఉంది. అనుమతి లేకుండా అరవై రోజులు సభకు రాకపోతే ఆ సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు. నాలుగు రోజులకు మించి వరుసగా వాయిదా పడితే ఆ రోజులు లెక్కలోకి రావు. సభ జరిగే రోజులే అంత తక్కువైనప్పుడు, ఏడాదంతా రాని మనిషికి కూడా ఆ అరవై నిండవు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది. హాజరు గురించి పట్టించుకోవాల్సింది ఓటర్లమే.

మీ జిల్లాలోనే కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారు 1952లో జైల్లో ఉండి గెలిచారు, అదీ నీలం సంజీవరెడ్డి గారి మీద. ఆయన సభలో ఏం మాట్లాడారో మా చిన్నప్పుడు పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని చెప్పుకునేవాళ్లు. ఈ రోజు మన ఎమ్మెల్యే పోయిన సమావేశాల్లో ఏం అడిగారు అంటే నా వీధిలో ఒక్కరు చెప్పలేరు. ఎవరి పెళ్లికి వచ్చారో మాత్రం అందరికీ తెలుసు.

హెచ్చెల్సీ చివరి మడి:

సార్, అంతా అమరావతే అంటే నేను ఒప్పుకోను. మాది హెచ్చెల్సీ, అంటే తుంగభద్ర ఎగువ కాలువ ఆయకట్టు, కాలువ చిట్టచివర. మాకు ఎమ్మెల్యే అవసరం పడేది జిల్లాలోనే. కలెక్టరు దగ్గర సాగునీటి సలహా మండలి మీటింగ్ జరుగుతుంది, ఏ కాలువకు ఎప్పుడు వదలాలి, ఎన్ని రోజులు ఇవ్వాలి అని తేలేది అక్కడే. హెచ్చెల్సీకి లెక్క ప్రకారం 32.5 టీఎంసీలు. తుంగభద్ర డ్యాంలో పూడిక పేరుకుని చాలా ఏళ్లు అంత రాదు. వచ్చిన దాంట్లో తాగునీటికి ఎంత, పంటకు ఎంత, ఏ బ్రాంచికి ఎంత అని ఆ గదిలో ఒక్కో ఎమ్మెల్యే తన కాలువ కోసం కొట్లాడతారు. మా ఎమ్మెల్యే ఒకసారి ఆ మీటింగ్‌కు రాలేదు, మా పిల్లకాలువకు వారబందీ రోజులు, అంటే వంతులవారీగా నీళ్లిచ్చే రోజులు తగ్గాయి. కాయ ఊరే టైములో నీళ్లు లేక వేరుశనగ ఎండింది, కట్టె పీకితే చెట్టుకు నాలుగు కాయలు, అవీ లొట్టలే.

2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మా ఊళ్లో ఎవరూ నిద్రపోలేదు. అప్పుడే నిండిన డ్యాంలోంచి నీళ్లు నదిలోకి పోతుంటే టీవీలో చూస్తూ కూర్చున్నాం. అలాంటి వారంలో జిల్లా ఎమ్మెల్యేలు డ్యాం దగ్గరో కలెక్టరేట్‌లోనో ఉండాలి, ఆ తర్వాత పాత గేట్లన్నీ మార్చే సంగతి సభలో అడగాలి. ఒకటి చేసి ఒకటి వదిలేస్తే మాకు నీళ్లు రావు.

జడ్పీ మీటింగ్‌లు కూడా ఉన్నాయి, ఎమ్మెల్యే అందులో సభ్యుడే. అధికారులందరూ ఒకేచోట కూర్చునే రోజది.

ధర్మవరం మగ్గం:

అన్నలకు నమస్తే. పెళ్లిళ్లు, లెటర్లు పనికిరానివన్నట్టు రాస్తున్నారు, నాకు కొంచెం కష్టంగా అనిపించింది. మా ఆయనకు బెంగళూరులో గుండె ఆపరేషన్ అయ్యింది, మగ్గం మీద బతికేవాళ్లం, రెండు లక్షలు అప్పు. ఎమ్మెల్యే గారింట్లో ఒక అబ్బాయి కూర్చుని నా కాగితాలన్నీ వరసగా పెట్టి, ఒక బిల్లు మీద సీలు లేదని మళ్లీ పంపించి, చివరికి సహాయ నిధి చెక్కు వచ్చేలా చూశాడు. ఆ రోజు ఆ ఇల్లు తెరిచి ఉంది కాబట్టే నాకా డబ్బు వచ్చింది. ఎమ్మెల్యే గారు అప్పుడు ఊళ్లో లేరు, ఆఫీసు మాత్రం నడుస్తోంది.

అందుకే నేననేది, ఆయన ఊళ్లో ఉన్నా లేకున్నా ఆ ఆఫీసు నడవాలి. కాగితం చదివే మనిషి ఒకరు, ఇచ్చిన అర్జీకి నంబరు రాసే పుస్తకం ఒకటి. అది ఉంటే ఆయన నిశ్చింతగా వెలగపూడి పోవచ్చు, మేమూ ఏమీ అనుకోము.

పాత పీఏ:

చెల్లెమ్మా, నువ్వన్నదే సరైన మాట. లెటర్లు పనికిరానివని నా ఉద్దేశం కాదు, వాటిలో పడి మిగతావి మునిగిపోతాయనే నా బాధ. సమావేశాలు మొదలవుతాయనగా ప్రశ్నలకు సరుకు కావాలని మా సార్ అడిగితే, నా దగ్గర వందల అర్జీలుండేవి, ప్రశ్నగా మార్చడానికి పనికొచ్చేవి నాలుగైదు. 'మా ఊరికి రోడ్డు వేయండి' అని రాస్తే దాన్ని ఏ శాఖకు పంపాలి? ఆ రోడ్డు పంచాయతీరాజ్‌దా, ఆర్ అండ్ బీదా? ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు?

వంక తమ్ముడూ, నీ పని ఇది. మీ గ్రామ సచివాలయంలో అడిగి ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకో. వంక వెడల్పు కొలువు. ఎంతమంది పిల్లలు దాటుతారో హైస్కూలు హెడ్మాస్టరు దగ్గర రాయించుకో. పాత అర్జీల రసీదులు, ఆ మెసేజ్ ప్రింటు జతచెయ్యి. ఒక్క పేజీ మించకూడదు. సమావేశాల తేదీలు ప్రకటించాక ఇస్తే ఆలస్యం, ముందే ఇవ్వు. ఎమ్మెల్యే లేకపోయినా పర్వాలేదు, పీఏ చేతికిచ్చి ఎప్పుడు ఇచ్చావో రాసుకో. ఇంకొకటి, మంత్రి సభలో 'చేస్తాం' అంటే ఆ మాటను హామీల కమిటీ పట్టించుకోవాలి. కాబట్టి జవాబు వచ్చాక నీ పని అయిపోయిందనుకోకు, ఆ జవాబు కాపీ తీసుకుని దాచుకో.

వంక అవతలి ఊరు:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మీ ఆయన బాగున్నారు కదా.

ఆదివారం నేనూ ఇంకో ముగ్గురం కలిసి తాడుతో కొలిచాం, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు 34 మీటర్లు. మా అన్న కూతురే లెక్క రాసుకుంది. రోడ్డు పంచాయతీరాజ్‌ది అని సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ చెప్పాడు. హెడ్మాస్టరు లెటరు ఇచ్చారు, మా ఊరి నుంచి, పైనున్న తండా నుంచి కలిపి 41 మంది. పీఏ అన్నా, ప్రశ్న ఇలా రాశాను, తప్పులుంటే దిద్దండి.

'పంచాయతీరాజ్ శాఖా మాత్యులు దయచేసి తెలియజేస్తారా: (ఎ) సదరు రెండు గ్రామాల మధ్య వంకపై ఉన్న కాజ్‌వే వానాకాలంలో మునుగుతున్న విషయం వాస్తవమేనా, (బి) అయినచో, అక్కడ వంతెన నిర్మించే ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వం వద్ద ఉందా, (సి) ఉన్నచో, ఎప్పటికి పూర్తి చేస్తారు?'

పాత పీఏ:

బాగా రాశావు. 'శాఖామాత్యులు' కలిపి రాయాలి. (బి) తర్వాత ఇంకొకటి చేర్చు: 'లేనిచో, ప్రతిపాదన సిద్ధం చేయుటకు ఆదేశిస్తారా'. అది లేకపోతే (బి)కి 'లేదండి' అని, కిందిదానికి 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అని రాసి రెండు ముక్కల్లో ముగించేస్తారు. ఊళ్ల పేర్లు, మండలం పేరు పూర్తిగా రాయి. రేపే ఇచ్చిరా.