లియాంగ్‌చా: ఒంట్లో వేడి తగ్గించే కషాయమా, ఎర్ర డబ్బాలో చక్కెర నీళ్ళా?

గోదారి గట్టు:
పని మీద దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉంటున్నాను. నోట్లో పుండు లేచినా, గొంతు మండినా, మొహం మీద మొటిమ వచ్చినా మా ఆఫీసు వాళ్ళది ఒకటే మాట: లియాంగ్‌చా తాగు. వీధి కొట్లలో అమ్మే నల్లటి మూలికల కషాయం అది. అదే పేరుతో సూపర్‌మార్కెట్‌లో వాంగ్‌లావోజీ అనే ఎర్ర డబ్బా కూడా ఉంది, తియ్యగా ఉంటుంది. మన ఇళ్ళలో వేడి చేసిందని సబ్జా నీళ్ళు, మజ్జిగ ఇచ్చినట్టే వీళ్ళకిది. మా అమ్మ యూట్యూబ్‌లో ఏదో చూసి, వచ్చేటప్పుడు ఓ పెట్టె డబ్బాలు తెమ్మంటోంది. ఆవిడకి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. తీసుకెళ్ళమంటారా?

చారుపొడి:
నిరభ్యంతరంగా తీసుకెళ్ళండి. ఆ వాంగ్‌లావోజీ నిన్న మొన్నటిది కాదు. 1828లో వాంగ్ జెబాంగ్ అనే ఆయన గ్వాంగ్‌జౌలోనే పెట్టిన కషాయం కొట్టు. గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్, మకావు అంతటా తాగుతారు. అక్కడి ఉక్క మన విజయవాడ మే నెలకేమీ తీసిపోదు. 2006లో చైనా ప్రభుత్వం లియాంగ్‌చాని జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పని చేయని దాన్ని ఇన్ని తరాల జనం తాగరు కదా?

రెండో షిఫ్ట్:
నేను ఫార్మసిస్టుని. వారసత్వ జాబితాలో ఉంటే అది సంప్రదాయం అని అర్థం, మందు అని కాదు.

డబ్బా వెనక ఏం రాశారో ఎవరైనా చదివించుకోండి. మొదట నీళ్ళు, వెంటనే చక్కెర. ఆ తర్వాతే చామంతి, దేవగన్నేరు పూలు, హనీసకుల్, అతిమధురం వగైరా. మామూలు రకంలో 100 మిల్లీలీటర్లకి సుమారు 9 గ్రాముల చక్కెర. డబ్బా 310 మిల్లీలీటర్లు. ఒక్కటి తాగితే దగ్గర దగ్గర 28 గ్రాములు. షుగర్ ఉన్న అమ్మగారికి పెట్టెడు డబ్బాలా?

ఇంకోటి. 2017లో గ్వాంగ్‌జౌలో జరిగిన ఓ పెద్ద వ్యాపార సదస్సులో ఆ డబ్బా కంపెనీ గ్రూపుకి అప్పటి చైర్మన్ లీ చూయువాన్, వాంగ్‌లావోజీ తాగితే ఆయుష్షు 10 శాతం పెరుగుతుందని ప్రకటించారు. ఆధారం? 576 ఎలుకల మీద చేసిన ప్రయోగం. చైనా నెటిజన్లే ఆయన్ని ఆట పట్టించారు.

చారుపొడి:
డబ్బాని చూసి కషాయాన్ని తిట్టకండి సార్. అసలు లియాంగ్‌చా అంటే హాంకాంగ్ కొట్లలో దొరికే ఇరవై నాలుగు రుచుల కషాయం లాంటిది. పేరుకి ఇరవై నాలుగు, కొట్టుని బట్టి మూలికల లెక్క మారుతుంది. పరమ చేదు. చక్కెర ప్రసక్తే లేదు. పైగా చైనా మూలికల్లో సరుకు లేకపోతే, ఓ మూలికలోంచి మలేరియా మందు తీసిన చైనా శాస్త్రవేత్త తూ యూయూకి 2015లో నోబెల్ ఎందుకిచ్చారు?

రెండో షిఫ్ట్:
ఈ నోబెల్ మాట వస్తుందని అనుకుంటూనే ఉన్నా. ఆవిడ కషాయం కాచలేదు. ఆవిడ వాడిన మొక్క వినాయక చవితి పత్రిలో వాడే మన మాచిపత్రి జాతిదే. మరిగిస్తే గుణం పోతోందని అనుమానించి, తక్కువ వేడి దగ్గర ఈథర్‌తో సారం తీశారు. 1972లో అందులోంచి ఆర్టెమిసినిన్ ఒక్కదాన్నే వేరు చేశారు. ఇప్పుడది కొలత తెలిసిన మాత్ర. మలేరియాకి ఆ ఆకు టీ తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సమర్థించదు. మీ ఉదాహరణ నా వాదనకే పనికొస్తుంది.

ఇక కొట్టు కషాయం. తాగగానే జ్వరం, జలుబు తగ్గాయని చెప్పేవాళ్ళకి ఓ మాట. గ్వాంగ్‌డాంగ్‌లో అధికారుల తనిఖీల్లో కొన్ని కొట్ల లియాంగ్‌చాలో పారాసెటమాల్, జలుబు మాత్రల్లో వేసే క్లోర్‌ఫెనిరమైన్ దొరికాయి. మరి తగ్గక ఏమవుతుంది?

మైదుకూరు మిర్చి:
మీరిద్దరూ పరీక్ష రాస్తున్నట్టున్నారు 😀 నేను కొన్నాళ్ళు షెన్‌జెన్‌లో ఉన్నా. కారం హాట్‌పాట్ (బల్ల మీదే మరిగే పులుసులో ముక్కలు ఉడికించుకుని తినేది) తిన్నాక ఆ ఎర్ర డబ్బా చల్లగా తాగితే ప్రాణం లేచొస్తుంది. అంతకు మించి నేనేమీ ఆశించలేదు. "వేడి చేస్తుందని భయమా, వాంగ్‌లావోజీ తాగు" అన్న యాడ్ నోట్లో నానేది. కషాయంగా ఉన్నన్నాళ్ళూ దక్షిణ చైనాదే, ఆ ఒక్క మాటతో దేశమంతా కూల్‌డ్రింక్ అయిపోయింది. ఆ ఎర్ర డబ్బా ఎవరిదని వాంగ్‌లావోజీ వాళ్ళు, జియాదువోబావో అనే పోటీ కంపెనీ వాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్టుకున్నారు. చివరికి 2017లో చైనా సుప్రీం కోర్టు ఇద్దరూ వాడుకోండి పొమ్మంది. అంత డబ్బుంది అందులో. కాబట్టి గుణాల గురించి కంపెనీ చెప్పేది నమ్మకండి, రుచి నచ్చితే తాగండి.

రెండో షిఫ్ట్:
గోదారి గట్టు గారూ, అసలు సంగతి మీ అమ్మగారి బీపీ. అతిమధురం ఎక్కువ మోతాదులో రోజూ ఒంట్లోకి పోతే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. మూత్రం ఎక్కువగా పోయే బీపీ మాత్రలు వాడేవాళ్ళకి ఇంకా ఇబ్బంది. డబ్బాలో ఉండేది కొంచెమే, దాని భయం చక్కెర గురించే. కొట్టు కషాయంలో ఎంత వేశారో మాత్రం అడిగినా చెప్పరు, అది వాళ్ళ వంశ రహస్యమట.

చారుపొడి:
అతిమధురం మన ఆయుర్వేదంలోనూ ఉంది. దాన్ని చూసి మీరెవరూ ఇంత కంగారు పడరేం?

రెండో షిఫ్ట్:
పడతాం. మా కౌంటర్ దగ్గర బీపీ పేషెంట్లకి ఇదే మాట చెబుతుంటాను. చైనాది కాబట్టి అనడం లేదు.

గోదారి గట్టు:
అందరికీ థ్యాంక్స్. పెట్టె డబ్బాల ప్రోగ్రాం కేన్సిల్. అమ్మ ఊరుకోదు కాబట్టి ఎండు చామంతి పూల ప్యాకెట్ ఒకటి తీసుకెళ్తాను, చక్కెర లేకుండా కాచుకుంటుంది. ఇక్కడ హోటళ్ళలో కూడా అది ఇస్తారు.

చారుపొడి:
అదీ లియాంగ్‌చాల్లో ఒకటే లెండి 🙂

రెండో షిఫ్ట్:
కావచ్చు. అది తాగి మాత్రలు మాత్రం మానొద్దని చెప్పండి. ఆవిడకి పూల పుప్పొడి పడక తుమ్ములు, దురదలు వచ్చే తత్వం ఉంటే చామంతి కూడా వద్దు.