సమస్యాపూరణం: చెట్టు పిల్లఁ గనెను గట్టుపైన

నిర్వాహకుడు (గుంటూరు): ఈ ఆదివారం ఆటవెలది సమస్య ఇస్తున్నాను, ఈ చివరి పాదానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి:

"చెట్టు పిల్లఁ గనెను గట్టుపైన"

పాదం మొదటి అక్షరంతో మధ్య అక్షరం కలిస్తే యతి, వాటి బదులు వాటి పక్క అక్షరాలు కలిస్తే ప్రాసయతి; చెట్టు, గట్టు అని ప్రాసయతి వేసే ఇచ్చాను, నాలుగో పాదం జోలికి పోవద్దు. పొద్దుటి నుంచి ముసురు, ఎవరూ ఇల్లు కదలరు, సాకులు చెల్లవు. నిజాంపట్నం వైపో నాగాయలంక వైపో సముద్రపు ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవి చూసినవాళ్ళకు ఇది అసలు సమస్యే కాదు. అరసున్నలు జారినా ఊరుకుంటాను, యతి తప్పితే మాత్రం ఊరుకోను.

తెనాలి సభ్యుడు:

వాన ముసురులోనఁ బడవలోఁ బోతిమి
మడలకొమ్మఁ జూడ మతియె పోయె
కాయ చీల్చి మొలక కాడలా వ్రేలాడె
చెట్టు పిల్లఁ గనెను గట్టుపైన

బ్రాడీపేట మాస్టారు: బాబూ, ఛందస్సుకు వంక లేదు. చెట్టు దగ్గరే చిక్కు. కాయను చీల్చుకుని ములక్కాడలా కిందికి వేలాడే మొలక ఉప్పుపొన్నది, అదీ ఆ అడవి చెట్టే. మడచెట్టుకూ గింజ చెట్టుమీదే మొలకెత్తుతుంది గానీ, మొలక కాయలోనే దాక్కుంటుంది, రాలాక గానీ బయటపడదు. రెండో పాదం ఇలా మార్చి చూడు:

పొన్నకొమ్మఁ జూడఁ బొంగె మనసు

మడే కావాలంటే మూడో పాదం మార్చుకో: "కాయ పగలకుండఁ గడుపులో మొలకెత్తె". రెండింటిలో ఏదో ఒకటి. రెండూ కలిపితే పద్యం నిలుస్తుంది, చెట్టు నిలవదు.

తెనాలి సభ్యుడు: మాస్టారూ, మా వైపు ఆ అడవి మొత్తాన్నీ మడే అంటారండీ. మడలకొమ్మ అంటే ఆ అడవిలో ఏ కొమ్మైనా కావచ్చు కదా?

బ్రాడీపేట మాస్టారు: వాదన గట్టిదే. కానీ పొన్న అనగానే బొమ్మ కళ్ళకు కడుతుంది, ఆ సుఖం వదులుకోకు. పైగా కృష్ణ సముద్రంలో కలిసే చోట మడదే పైచేయి. పొన్న కనిపించిందంటే పేరు పెట్టి చెప్పుకోవాల్సిందే.

రేపల్లె కుర్రాడు: మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది.

రాత్రి వానలోన రేపల్లె దాటాము
మేలుకొన్న వేళ్ళు మిన్నుఁ జూచె
వింతలోన వింత విందాము రండోయి
చెట్టు పిల్లఁ గనెను గట్టుపైన

నిర్వాహకుడు: టెన్షన్ ఎందుకు తమ్ముడూ, గణాలన్నీ సరిపోయాయి. 'రా'కు 'రే' యతి చెల్లదు, అంతే. రాత్రిని "రేయి" చేస్తే ఒక్క మాటతో పని అయిపోతుంది. రెండో పాదం ఈ రోజు వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది. బురదలో గాలి ఆడదు కాబట్టే మడ వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. మేలుకున్నాయనడం ఎంత బాగుందో! మూడో పాదమే ఉత్త పూరింపు. "రండోయి" అని పిలిచి ఏమీ చూపించలేదు.

సత్యనారాయణపురం సభ్యురాలు: ఆ మూడో పాదం నేనిస్తాను తమ్ముడూ, తీసుకో:

ఉప్పు నీరు తాగి యుప్పునే చెమరించి

మడ ఆకు మీద ఉప్పు పలుకులు తేలతాయి, నాలుకకు తగులుతాయి. వాన పడితే కడిగేస్తుంది, ఇవాళ వెళ్తే చప్పగా ఉంటుంది! ఇక నా పూరణం:

కాల్వ తవ్వినారు కడలి పోటెక్కగా
బురద తడిసె నేల పురుడు పోసె
పాప నాన్నతోడ బయలుదేరి వెదకి
చెట్టుపిల్లఁ గనెను గట్టుపైన

నిర్వాహకుడు: కనెను అంటే చూచెను! పాత చిట్కానే, కానీ పైన "పురుడు పోసె" అని ఉండడంతో రెండో అర్థం కూడా వెంట నడుస్తోంది. భేష్ అమ్మా.

అవనిగడ్డ పెద్దాయన: చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు లోపలికి రప్పించి మొక్కలు నాటే పద్ధతి అమ్మాయి పద్యంలోకి తెచ్చింది, సంతోషం. ఒక్క మాట. గట్టు నెత్తిన నాటితే పోటు అందదు, మొక్క ఎండుతుంది. కాలువ వాలులో నాటాలి. సమస్య ఇచ్చినాయనదే తప్పు, పాపది కాదు! ఇక నాది, క్రమాలంకారం, మొదటి మూడు పాదాల ప్రశ్నలకు జవాబులు చివరి పాదంలో వరుసగా ఉంటాయి:

ఉప్పెనలకు నడ్డ మూరిముందేదిరా
నీటిపిల్లి యేమి నేఁడు చేసె
పడవ నెక్కడుంతు వాన కురియువేళ
చెట్టు పిల్లఁ గనెను గట్టుపైన

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసిన మా ఈడువాళ్ళకు మొదటి ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పక్కర్లేదు.

రేపల్లె కుర్రాడు: తాతగారూ, నీటిపిల్లి అంటే బావురుపిల్లేనా? చేపలు పట్టేది?

అవనిగడ్డ పెద్దాయన: అదే నాయనా. నీళ్ళలోకి దూకి మరీ పడుతుంది.

బ్రాడీపేట మాస్టారు: మూడు ప్రశ్నలు, మూడు జవాబులు, ఒక్క అక్షరం వృథా లేదు. కాకపోతే పెద్దాయనా, పిల్లి ఒక్క పిల్లనే కన్నదా?

అవనిగడ్డ పెద్దాయన: ఏకవచనం మీ నిర్వాహకుడు ఇచ్చింది, నన్నడుగుతారేం మాస్టారూ!

నిర్వాహకుడు: సరే, నింద నామీదే పడింది. రేపల్లె తమ్ముడూ, "రేయి" పెట్టి, అక్కగారి పాదం కలిపి నీ పద్యం మళ్ళీ వేయి. పెద్దాయనది, నీదీ పక్కపక్కన చూడాలని ఉంది.